కోట కొనేముందు కప్పు చూడాలి

మొన్న సంక్రాంతికి పారిస్ నుంచి మా అన్నయ్య కొడుకు వచ్చాడు. పుట్టింది యానాంలో, పెరిగింది పారిస్ శివార్లలో. పాస్‌పోర్టు ఫ్రాన్సుది, నాలుక మాత్రం గోదారిది. పులస దొరికే కాలం కాదని తెలిసీ వచ్చినప్పుడల్లా అడుగుతాడు. భోగినాటి సాయంత్రం అరుగు మీద నా పక్కన కూచుని, సెల్‌ఫోన్‌లో ఒక ఫొటో చూపించాడు.

''బాబాయ్, లువార్ నది దగ్గర పల్లెటూరు. పద్దెనిమిదో శతాబ్దపు ఇల్లు. తెల్లరాతి గోడలు, నల్లపలకల కప్పు, పన్నెండు గదులు, రెండెకరాల తోట. మూడున్నర లక్షల యూరోలు చెబుతున్నారు. పారిస్‌లో ఈ డబ్బుకి రెండు గదుల ఫ్లాటు వస్తే గొప్ప. ఐదు గదులు అతిథులకి ఇచ్చామంటే ఇల్లే తన అప్పు తీర్చుకుంటుంది.''

ఇల్లు నిజంగానే బాగుంది. కాదనను. అయితే ఆ తర్వాత అసలు మాట వచ్చింది. ''మీరంతా సంతకాలు పెడితే ఇక్కడి ఇల్లు అమ్మేసి నా వాటా తీసుకుంటాను.''

ఇక్కడి ఇల్లంటే మా తాతగారి మండువా లోగిలి. నలుగురు వాటాదారులం. ఏడాదిలో పదకొండు నెలలు తాళం వేసి ఉంటుంది. కప్పు మీద పెంకు జారితే ఎవరు వేయించాలన్న దగ్గరే మూడేళ్లు గడిచిపోయాయి.

ఇది మా ఒక్క ఇంటి గొడవ అయితే పేపరుకు ఎక్కించేవాణ్ని కాదు. యానాంలో ఫ్రాన్సు చుట్టరికం ఉన్న కుటుంబాలు ఇంకా ఉన్నాయి. 1962 ఆగస్టు 16న విలీన ఒప్పందం అమల్లోకి వచ్చాక ఫ్రెంచి పౌరసత్వం కోరుకోవడానికి ఆరు నెలలు గడువిచ్చారు. అప్పుడు కోరుకున్నవాళ్ల మనవలు, మునిమనవలు ఇప్పుడు అక్కడ ఉద్యోగాలు చేస్తున్నారు. నగరంలో అద్దెలు కట్టలేక, టీవీలో పాత కోటలు బాగుచేసే కార్యక్రమాలు చూసి, పల్లెలో పెద్ద ఇల్లు కొనాలని ముచ్చట పడుతున్నారు. పెట్టుబడి కోసం మళ్లీ ఇటే చూస్తున్నారు. అందుకని నాకు తోచిన నాలుగు మాటలు రాస్తున్నాను. ముందే చెబుతున్నా, కొనొద్దనడం లేదు. దేనికి కొంటున్నారో తెలిసి కొనమంటున్నాను.

అంత చౌక ఎందుకు?

పన్నెండు గదుల ఇల్లు ఫ్లాటు ధరకు ఎందుకొస్తోంది? ఈ ప్రశ్న వేసుకోకుండా ముందుకు పోకూడదు.

ఫ్రాన్సులో సుమారు 35 వేల కమ్యూన్లు ఉన్నాయి. వాటిలో ఎక్కువ పల్లెలే. మొదటి ప్రపంచ యుద్ధం పల్లెల మగవాళ్లను ఊడ్చుకుపోయింది. ఆ తర్వాత చదువులు, ఫ్యాక్టరీలు, ఉద్యోగాలు మిగిలినవాళ్లను పట్నాలకు లాక్కుపోయాయి. పెద్ద ఇళ్లను నడిపిన పొలాల ఆదాయం పోయింది, పనివాళ్లూ పోయారు. ఇల్లు మాత్రం మిగిలింది.

దానికి తోడు వారసత్వం. 1804 నాటి నెపోలియన్ సివిల్ కోడ్ నుంచి అక్కడ పిల్లలను ఆస్తి నుంచి తప్పించడం కుదరదు. ఒక బిడ్డ ఉంటే ఆస్తిలో సగం, ఇద్దరుంటే మూడింట రెండు వంతులు, ముగ్గురూ ఆపైన ఉంటే ముప్పాతిక వాళ్లకు దక్కి తీరాలి. రెండు తరాలు తిరిగేసరికి ఒక ఇంటికి ఐదుగురో ఎనిమిదిమందో హక్కుదారులవుతారు. ఒకడు లియోన్‌లో, ఒకత్తె బోర్డోలో, ఇంకొకడు కెనడాలో. కప్పు కారుతుంటే డబ్బు ఎవరు పెట్టాలన్న దగ్గర ఆగిపోతారు. చివరకు అమ్మకానికి పెడతారు.

అర్థమైందా? మా వాడికి నచ్చిన ఇల్లు అమ్మకానికి వచ్చిన కారణమూ, మా లోగిలికి తాళం పడిన కారణమూ ఒకటే. వారసులు బాగుచేసుకోలేని ఒక పాత ఇల్లు అమ్మి, వేరే వారసులు బాగుచేసుకోలేని ఇంకో పాత ఇల్లు కొందామంటున్నాడు వాడు.

టీవీ మాటకొస్తే, బ్రిటన్ దంపతులు డిక్, ఏంజెల్ స్ట్రాబ్రిడ్జ్ 2015లో మయెన్ ప్రాంతంలో 45 గదుల కోటను 2 లక్షల 80 వేల పౌండ్లకు కొన్న కథ లోకమంతా చూసింది. అందరికీ ఆ ధర గుర్తుండిపోయింది. కొన్నప్పుడు ఆ కోటలో నీళ్లు లేవు, కరెంటు లేదు, వేడి చేసే ఏర్పాటు లేదు. అది జనానికి అంతగా గుర్తులేదు. ఆ కోటకు పెళ్లిళ్ల ఆదాయంతోపాటు టీవీ కార్యక్రమం ఆదాయమూ ఉండేది. మనం కొనే ఇంటికి కెమెరా రాదు కదా!

సంతకం ముందు, తర్వాత

ఒక విషయం మెచ్చుకోక తప్పదు. కొనేవాణ్ని కాపాడటంలో అక్కడి పద్ధతి మన రిజిస్ట్రారాఫీసు కంటే గట్టిది. అమ్మకం నోతేర్ చేతుల మీదుగానే జరగాలి. నోతేర్ అంటే మన నోటరీ కాదు, ప్రభుత్వం నియమించిన న్యాయాధికారి. లింకు దస్తావేజులు, తనఖాలు, దారి హక్కులు అన్నీ ఆయనే చూస్తాడు.

మొదట 'కాంప్రొమీ' అనే అగ్రిమెంటు రాస్తారు. బయానా ఐదు నుంచి పది శాతం. సంతకం అయ్యాక కొనేవాడికి పది రోజులు గడువుంటుంది. ఏ కారణం చెప్పకుండా వెనక్కి తగ్గవచ్చు, పైసా పోదు. 2015కి ముందు ఇది ఏడు రోజులే. అమ్మేవాడికి ఈ వెసులుబాటు లేదు. బ్యాంకు అప్పు రాకపోతే బయానా తిరిగివ్వాలన్న షరతు కూడా రాయించుకోవచ్చు. పది రోజులు దాటాక ఊరికే వద్దంటే మాత్రం బయానా మీద ఆశ వదులుకోవాలి. అసలు దస్తావేజుకు సుమారు మూడు నెలలు పడుతుంది. ఇంటితోపాటు పొలం ఉంటే, సఫేర్ అనే వ్యవసాయ భూముల సంస్థకు ముందుగా కొనే హక్కు ఉండవచ్చు. అది 'మాకొద్దు' అనేదాకా ఆగాలి.

మా వాడు లెక్కలో మరచిపోయింది ఒకటుంది. పాత ఇంటికి పన్నులు, నోతేర్ ఖర్చులు కలిపి ధర మీద ఏడెనిమిది శాతం అవుతాయి. మూడున్నర లక్షల ఇంటికి పాతిక వేల యూరోలకు పైమాటే.

ఇంకో మంచి పద్ధతి, ఇంటి ఆరోగ్య పరీక్షలు. అమ్మేవాడు తన ఖర్చుతో చేయించి ఆ కాగితాలు కొనేవాడి చేతికి ఇవ్వాలి. 1949కి ముందు కట్టిన ఇంటికి రంగుల్లో సీసం ఉందేమో చూస్తారు. 1997 జులైకి ముందు అనుమతి పొందినదైతే ఆస్‌బెస్టాస్ ఉందేమో చూస్తారు. పదిహేనేళ్లు దాటిన కరెంటు వైరింగు, గ్యాసు, చెదల బెడద ఉన్న ప్రాంతాల్లో చెదలు కూడా చూస్తారు. ఊరి డ్రైనేజీకి కలపని ఇంటికి సెప్టిక్ ట్యాంకు తనిఖీ ఉంటుంది. అది నిబంధనల ప్రకారం లేదని రాశారంటే, కొన్నవాడు ఏడాదిలోగా బాగుచేయించాలి. పల్లె ఇళ్లలో బేరం తేలేది చాలాసార్లు ఇక్కడే.

అన్నిటికంటే పెద్దది కరెంటు, వేడి ఖర్చుల గ్రేడు. ఎ నుంచి జి దాకా మార్కులు వేస్తారు. 2023 ఏప్రిల్ నుంచి ఎఫ్, జి గ్రేడు ఇళ్లు అమ్మాలంటే ఏమేం బాగుచేయాలో చెప్పే ఆడిట్ కూడా జతచేయాలి. 2025 జనవరి నుంచి ఇ గ్రేడుకూ అంతే. అదే 2025 జనవరి 1 నుంచి జి గ్రేడు ఇంటిని కొత్తగా ఎవరికీ కాపురానికి అద్దెకివ్వడానికి లేదు. అతిథుల వ్యాపారం సాగకపోతే మామూలు అద్దెకిచ్చేద్దాం అనుకునేవాళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి.

''ఈ కాగితాలన్నీ చూశావా?'' అని అడిగితే మా వాడు, ''ఫొటోలు చూశాను బాబాయ్'' అన్నాడు.

గోడకూ ఊపిరి కావాలి

పాత ఇల్లు కొనేవాడు ముందు గది చూడకూడదు, కప్పు చూడాలి. తర్వాత గోడ అడుగు చూడాలి.

లువార్ ప్రాంతపు ఇళ్లు తుఫో అనే మెత్తని సున్నపురాయితో కట్టారు. చెక్కడానికి తేలిక, చూడటానికి అందం, నీళ్లు పీల్చడంలో దిట్ట. ఆ పాత గోడల కింద తేమను ఆపే పొర ఉండదు. నేలలోంచి తడి పైకి ఎక్కుతుంది, గోడ దాన్ని గాలిలోకి వదిలేస్తుంది. సున్నం పూత ఉన్నంతకాలం ఈ రాకపోకలు సాఫీగా సాగుతాయి. గత శతాబ్దంలో చాలామంది బాగుచేస్తున్నామనుకుని సిమెంటు పూశారు. తడి లోపలే బందీ అయింది. రాయి పొడిగా రాలుతోంది, లోపలి గోడ బూజు పడుతోంది, దూలం చివర గోడలో కుళ్లుతోంది.

ఈ మాట మన మేస్త్రీలకు చెబితే నవ్వుతారు. గానుగ సున్నంతో కట్టిన గోడకు సిమెంటు పూస్తే ఏమవుతుందో గోదారి జిల్లాల్లో పాత ఇళ్లున్నవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. మా లోగిలి వంటింటి గోడ అలాగే పాడైంది. పూయించింది నేనే.

కప్పు సంగతి సరేసరి. ఆంజే పక్కన త్రెలాజేలో శతాబ్దాలపాటు తవ్విన నల్లపలక గనులు 2013లో మూతపడ్డాయి. ఇప్పుడు పలక ఎక్కువగా స్పెయిన్ నుంచి వస్తోంది. పలక పరిచే పనివాడి కోసం నెలలు వేచి ఉండాలి. అలా వచ్చినవాడి దగ్గర పదేళ్ల బాధ్యత బీమా కాగితం అడగాలి. 1978 చట్టం ప్రకారం పెద్ద పనులు చేసే ప్రతి కాంట్రాక్టరుకూ అది ఉండాలి. ఆ కాగితం లేనివాడు ఎంత తక్కువకు చేస్తానన్నా గడప దాటనివ్వకూడదు.

'చారిత్రక' అన్న మాటకు కూడా ధర ఉంది. ఇల్లే రక్షిత కట్టడం కావచ్చు, లేదా ఊళ్లో పాత చర్చి రక్షిత కట్టడమై దానికి 500 మీటర్ల లోపు మన ఇల్లు ఉండవచ్చు. అప్పుడు కిటికీ మార్చాలన్నా, తలుపు రంగు మార్చాలన్నా ప్రభుత్వ వాస్తుశిల్పి అభిప్రాయం కావాలి. ప్లాస్టిక్ కిటికీ పెడతానంటే కుదరదు. ఇది వేధింపు అని అక్కడ గొణిగేవాళ్లున్నారు. నేను మాత్రం అలా అనుకోను. ఆ గట్టితనం లేకపోతే మా వాడి మనసు దోచిన ఊరే మిగిలేది కాదు. మనవైపు చూడండి. పుదుచ్చేరి సముద్రపు ఒడ్డున ఫ్రెంచివాళ్లు కట్టిన మేరీ భవనం 2014 నవంబరు వానలకు కూలిపోయింది. 2021లో దాని రూపంలోనే కొత్తది కట్టారు. కూలాక కట్టడం కంటే కూలకుండా కాపాడటం చౌక అని తెలుసుకోవడానికి మనకు ఒక భవనం ఖర్చయింది.

అతిథుల ఇల్లంటే ఉద్యోగం

ఇక వ్యాపారం సంగతి. మా వాడు చేద్దామనుకుంటున్న దాన్ని అక్కడ 'షాంబ్ర్ దోత్' అంటారు. యజమాని తను కాపురం ఉంటున్న ఇంట్లోనే గదులిచ్చి, దుప్పట్లు, తువ్వాళ్లు, పొద్దుటి ఫలహారం ఇవ్వాలి. ఐదు గదులు, పదిహేనుమంది. అంతకు మించకూడదు. మించితే హోటలు నిబంధనలు, అగ్నిమాపక తనిఖీలు నెత్తిన పడతాయి. మొదలుపెట్టే ముందు ఊరి మేరీలో డిక్లరేషన్ ఇవ్వాలి. ఇంట్లో ఉండి అతిథిని తనే ఆహ్వానించాలన్నది నియమం. పారిస్‌లో ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాలు వచ్చి నడిపేది కాదిది.

రెండోది 'జీత్'. ఇల్లో, ఇంట్లో భాగమో వంటగదితో సహా వారానికింతని ఇచ్చేయడం. వచ్చినవాళ్లే వండుకుంటారు. 1951లో ఆల్ప్స్ కొండల ప్రాంతంలో మొదటి జీత్ తెరిచారు. రైతుల ఇళ్లు పాడుపడకుండా, వాళ్లకు నాలుగు డబ్బులు వచ్చేలా, పట్నం కూలివాడికి చవకలో సెలవు దొరికేలా చేసిన ఏర్పాటది. 1955లో జీత్ ద ఫ్రాన్స్ సమాఖ్య ఏర్పడింది. ఆనాడు ఇల్లూ వాళ్లదే, పొలమూ వాళ్లదే. అతిథి ఇచ్చే డబ్బు పైసంపాదన. అప్పు చేసి ఇల్లు కొని, ఆ అప్పు అతిథి చేత కట్టించాలనుకోవడం వేరే కథ.

కాగితం మీద లెక్క వేసి చూపించాను. ఐదు గదులు, ఒక్కో గది ఏడాదిలో 80 రాత్రులు నిండాయనుకుందాం. పల్లెలో చలికాలం ఎవరు వస్తారు? గదికి 90 యూరోలు అనుకుందాం. మొత్తం 36 వేలు. ఫలహారం, ఉతుకులు, కరెంటు, వేడి, బీమా, ఇంటిపన్ను, ఇంటర్నెట్ బుకింగు కమీషన్లు, సామాజిక భద్రత చందాలు పోగా సగం మిగిలితే 18 వేలు. మూడు లక్షల అప్పు ఇరవై ఏళ్లకు, మూడున్నర శాతం వడ్డీకి అనుకుంటే నెలకు సుమారు 1,740 యూరోలు కట్టాలి. ఏడాదికి దాదాపు 21 వేలు. ఇంకా కప్పు మీద పలక కూడా వేయలేదు. ఇద్దరి ఉద్యోగాలు మానేస్తే తిండికి ఏదీ? పైగా ఆదాయంలో 35 శాతానికి మించి అప్పుల కిస్తీ ఉండకూడదన్న నియమం అక్కడి బ్యాంకులకు 2022 నుంచి తప్పనిసరి అయింది.

అప్పుడు వాణ్ని ఒక మాట అడిగాను. ''మీ ఆవిడేమందిరా?''

వాడు తల గోక్కున్నాడు. ''ఇంకా సరిగ్గా చెప్పలేదు బాబాయ్. తనకీ పల్లెలంటే ఇష్టమే. వంట బాగా చేస్తుంది కదా, రాత్రి భోజనం కూడా పెడితే...''

రాత్రి భోజనం కూడా పెట్టవచ్చు. 'తాబ్ల్ దోత్' అంటారు దాన్ని. బస చేసినవాళ్లకు మాత్రమే, ఇంటివాళ్ల బల్ల దగ్గరే, అందరికీ ఒకటే వంట. వినడానికి మన పంక్తి భోజనంలా ముచ్చటగా ఉంటుంది. కానీ పొద్దున ఏడింటికి ఫలహారం, పదింటికి పది దుప్పట్లు, ఐదు స్నానాల గదులు, సాయంత్రం వంట, రాత్రి పదకొండు దాకా చిరునవ్వు. ఆ పని ఎవరు చేస్తారు? మొగుడు గోడలకు సున్నం వేస్తానంటాడు. మిగిలినదంతా ఎవరి మీద పడుతుందో మనకు తెలియదా? ఆ పిల్ల పారిస్ ఆస్పత్రిలో నర్సు. ఆమె ఉద్యోగం ఈ లెక్కలో ఖర్చు కిందికి వస్తుంది. దాన్ని ఎవరూ రాసుకోలేదు.

ఇటునుంచి పంపేవాళ్లకు

ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లూ ఫ్రాన్సులో ఇల్లు కొనవచ్చు, అడ్డు లేదు. అయితే ఇల్లుంటే వీసా వచ్చేస్తుందనుకోవద్దు. మామూలు వీసా మీద 180 రోజుల్లో 90 రోజులే ఉండనిస్తారు. యజమాని కాపురం ఉండి నడపాల్సిన వ్యాపారానికి అది చాలదు. ఇక్కడి పౌరుడు రిజర్వు బ్యాంకు పథకం కింద ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపవచ్చు. విదేశీ పౌరసత్వం ఉన్న మనవాళ్లు ఇక్కడి వారసత్వ ఆస్తి అమ్మితే, పన్ను కట్టి, ఆడిటరు సర్టిఫికెట్‌తో బ్యాంకు ద్వారా పంపుకోవచ్చు. చేతి సొమ్ము, నోటిమాట వద్దు.

ముఖ్యంగా తల్లిదండ్రులకు, బాబాయిలకు చెప్పేది ఒకటే. అక్కడి ఇంటికి డబ్బు ఇస్తే అది కానుకా, అప్పా, వాటానా అన్నది నోతేర్ ముందు రాయించండి. దస్తావేజులో పేరు లేనివాడికి ఆ ఇంట్లో కుర్చీ కూడా లేదు. మనవాళ్లు ''మనలో మనకు కాగితాలేంటి'' అంటారు. కాగితం లేకపోబట్టే అన్నదమ్ములు మాట్లాడుకోని ఇళ్లు మన ఊళ్లో ఎన్ని లేవు?

హోసూరులో ఉన్నా, బళ్లారిలో ఉన్నా, బరంపురంలో ఉన్నా, సరిహద్దు అవతలి తెలుగువాడికి రెండిళ్ల బతుకు కొత్త కాదు. ఒక ఇంట్లో ఉంటాం, ఇంకో ఇంటి గురించి మాట్లాడుకుంటాం. మా వాడు అడిగేది నిజానికి పెట్టుబడి కాదని నాకు అనిపించింది. తనది అని చెప్పుకునే ఒక గడప కావాలి వాడికి. శివార్లలో పదమూడో అంతస్తులో పెరిగినవాడికి రాతి గోడ మీద మోజు పుట్టడం తప్పు కాదు. ఆ కోరికను నేను గౌరవిస్తాను. కోరికను లాభసాటి వ్యాపారం అని చెప్పి నాకు అమ్మవద్దంటున్నాను, అంతే.

కాబట్టి వాడికి నా షరతులు చెప్పాను. ఒకటి, ఆ ఇంటి పరీక్ష కాగితాలన్నీ తెచ్చుకుని, పలక పనివాడి చేత, తాపీవాడి చేత ఖర్చు అంచనా రాయించాలి. రెండు, జనవరిలోనో ఫిబ్రవరిలోనో ఆ ఊళ్లో వారం రోజులు ఉండి రావాలి. జులైలో ప్రతి ఊరూ స్వర్గమే. మూడు, పన్నెండు గదులు కాకుండా రెండు గదులు అద్దెకివ్వగల చిన్న ఇల్లు కూడా చూసి, రెండింటి లెక్కా పక్కపక్కన వేయాలి. నాలుగు, వాళ్ల ఆవిడ నాతో ఫోనులో మాట్లాడాలి. ఈ నాలుగూ అయ్యాక కూడా కొనాలనే ఉంటే సంతకం పెడతాను. వాడి వాటా వాడిది, నేను అడ్డుపడేవాణ్ని కాను.

వాడు ఒప్పుకున్నాడు. కనుమ వెళ్లాక విమానం ఎక్కేముందు ఒక పని చేశాడు. నిచ్చెన వేసుకుని మా లోగిలి కప్పెక్కి, జారిన పెంకులు తనే సర్దాడు. కిందికి దిగి, చేతులు కడుక్కుంటూ, ''దూలం ఇంకా గట్టిగానే ఉంది బాబాయ్'' అన్నాడు.

ఆ సంగతి నాకు తెలియదు. మూడేళ్లుగా పైకెక్కి చూసినవాడు లేడు.